నేను పెట్టని ‘వల్కన్’ నా కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగానికి పైగా ఒకటే గోల. కంట్రోల్ ప్యానెల్ తెరిచాం, ప్రోగ్రాముల లిస్టు చూశాం, అందులో మేం ఎప్పుడూ పెట్టని పేర్లు ఉన్నాయి, ఉంచాలా తీసెయ్యాలా అని. కొందరు అడిగారు, కొందరు ముందే తీసేసి ఆ తర్వాత అడిగారు. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ప్రింటర్ గురించి రాసినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, నేను టీచర్ని. స్కూలు పనుల కోసం ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాను. ప్రోగ్రాముల లిస్టులో ‘వల్కన్ రన్ టైమ్ లైబ్రరీస్ 1.0.65.1’ అని ఉంది. పబ్లిషర్ దగ్గర లూనార్‌జీ అని ఉంది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. మా తమ్ముడు వైరస్ అంటున్నాడు. తీసెయ్యనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండీ, వైరస్ కాదు. మీ తమ్ముడి అనుమానంలో తప్పేమీ లేదు, తెలియని పేరు కనిపిస్తే అనుమానించాల్సిందే. కానీ ఈ పేరు విషయంలో కంగారు అక్కర్లేదు.

మీ డెస్క్‌టాప్‌లో ఎవరో గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మ గీసే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) వేశారు, దాని వెంటే ఇది వచ్చింది. గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్‌విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్ ముగ్గురూ తమ డ్రైవర్‌తో పాటు వల్కన్ కూడా పెట్టేస్తారు, విడిగా మిమ్మల్ని అడగరు. నన్నడిగితే అదే వాళ్లు చేసిన తప్పు. ‘ఇది ఫలానా’ అని ఒక్క లైను రాసి ఉంటే నాకు ఇన్ని ఉత్తరాలు వచ్చేవి కావు.

రన్‌టైమ్ లైబ్రరీ అంటే ఏమిటో చెబుతాను. ఇంట్లో పెళ్లి పెట్టుకుంటే గుండిగలు, కుర్చీలు, షామియానా ఎవరూ కొనరు కదా, టెంట్ హౌస్ నుంచి తెప్పిస్తారు. వంటాయన గరిటె ఒక్కటి పట్టుకుని వచ్చి ‘గుండిగ ఎక్కడండీ’ అంటాడు. గేమ్ అయినా, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా అంతే. తెర మీద బొమ్మ గీయడానికి కావాల్సిన మామూలు సామానంతా ప్రతి ప్రోగ్రామూ తన వెంట మోసుకుని రాదు, కంప్యూటర్‌లో ముందే ఉంటుందన్న నమ్మకంతో వస్తుంది. అలా నలుగురికీ పనికొచ్చే ఉమ్మడి సామానునే రన్‌టైమ్ లైబ్రరీ అంటారు. ఫైలు పేరు చివర డీఎల్‌ఎల్ అని కనిపించేవాటిలో చాలావరకు ఇవే.

ఇక వల్కన్. గ్రాఫిక్స్ కార్డుతో ప్రోగ్రాములు మాట్లాడడానికి కొన్ని పద్ధతులు ఉన్నాయి, డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్, వల్కన్ అని. డైరెక్ట్‌ఎక్స్ మైక్రోసాఫ్ట్ వారి సొంతం. మిగతా రెండూ క్రోనోస్ గ్రూప్ అనే కంపెనీల కూటమి చేతిలో ఉన్నాయి. 2013లో ఏఎమ్‌డీ కంపెనీ మాంటిల్ అని ఒకటి తెచ్చింది, దాని పునాది మీద అందరూ కలిసి వల్కన్ కట్టారు, 2016 ఫిబ్రవరి 16న 1.0 విడుదలైంది. విండోస్‌లోనే కాదు, లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్లలోనూ నడుస్తుంది. అంటే మీ తమ్ముడి జేబులో ఉన్న ఫోన్‌లో కూడా బహుశా ఇదే ఉంది, చెప్పి చూడండి.

పాత పద్ధతికీ దీనికీ తేడా ఏమిటంటే, ఓపెన్‌జీఎల్‌లో, డైరెక్ట్‌ఎక్స్ 11లో డ్రైవర్ మేస్త్రి లాంటిది. ‘ఇక్కడ గోడ కట్టు’ అంటే చాలు, ఇటుకలు ఎన్ని కావాలి, ఎవరు మొయ్యాలి, సిమెంటు ఎప్పుడు కలపాలి అన్నీ మేస్త్రే చూసుకుంటాడు. వల్కన్‌లోనూ డైరెక్ట్‌ఎక్స్ 12లోనూ ఆ లెక్కల్లో చాలావరకు ఇంటాయనే, అంటే గేమ్ రాసినవాడే, దగ్గరుండి చూసుకోవాలి. చేతనైనవాడికి పని వేగంగా అవుతుంది, ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది. చేతకానివాడు గోడ వంకరగా కడితే తిట్టడానికి మేస్త్రి ఉండడు.

లూనార్‌జీ అనేది అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లో ఉన్న కంపెనీ. వల్కన్‌లో ‘లోడర్’ అనే ముక్క మీద పనిచేసేది వాళ్లే. ఈ లోడర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. గేమ్ వచ్చి వల్కన్ కావాలంటే, ఈ ఇంట్లో ఎన్‌విడియా ఉందా, ఇంటెల్ ఉందా, రెండూ ఉన్నాయా అని చూసి దారి చూపిస్తుంది, అసలు పని లోపల ఉన్న డ్రైవర్ చేస్తుంది. విండోస్ తన ఫైళ్లు పెట్టుకునే సిస్టమ్32 ఫోల్డర్‌లో ‘వల్కన్-1.డీఎల్‌ఎల్’ అని కనిపించేది ఈ వాచ్‌మనే. (పోలికలు మూడయ్యాయి, ఎడిటర్ గారు ఇక ఆపమంటున్నారు.)

ఒక గుర్తు చెబుతాను. లైబ్రరీ తనంతట తాను ఎప్పుడూ నడవదు. ఏ ప్రోగ్రామో పిలిస్తేనే లేస్తుంది, లేకపోతే స్టోర్‌రూమ్‌లో పాత్రల్లా పడి ఉంటుంది. కాబట్టి నిజమైన వల్కన్ మీ కంప్యూటర్‌ని నెమ్మదింపజేయదు, స్టార్టప్‌లో కనిపించదు, నెట్ వాడదు. అదే పేరుతో ఏదైనా టాస్క్ మేనేజర్‌లో అస్తమానం నడుస్తూ, దాని ఫైలు డౌన్‌లోడ్స్‌లోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఉంటే మాత్రం మీ తమ్ముడి మాట నిజమే అనుకుని యాంటీవైరస్‌తో స్కాన్ చేయించండి.

మరో మాట, మీ నంబరు 1.0తో మొదలవుతోంది. వల్కన్ 1.1 వచ్చిందే 2018 మార్చిలో, 1.4 వచ్చింది 2024 డిసెంబరులో. అంటే మీకు అమ్మినాయన చాలా పాత డ్రైవర్‌తోనే ఇచ్చాడు. కొత్త డ్రైవర్ వేసుకోండి, వల్కన్ కూడా దానితో పాటు కొత్తది అవుతుంది. విడిగా వల్కన్ కోసం వెతుక్కోకండి.

ప్రశ్న: అన్నా, నేను తీసేశా. స్పేస్ కోసం. లిస్టులో వల్కన్ మూడుసార్లు ఉంది, మూడూ కొట్టేశా. ఇప్పుడు ఎమ్యులేటర్ (వేరే యంత్రం కోసం చేసిన ప్రోగ్రాముల్ని కంప్యూటర్‌లో నడిపేది) ఓపెన్ చేస్తే ‘వల్కన్-1.డీఎల్‌ఎల్ దొరకలేదు’ అంటోంది. యూట్యూబ్‌లో ఒకాయన ఆ ఫైలు డౌన్‌లోడ్ చేసి సిస్టమ్32లో వెయ్యమన్నాడు. వెయ్యనా?
— ఇంటర్ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఆ వీడియో మూసెయ్. ఊరూపేరూ లేని సైట్ల నుంచి విడి డీఎల్‌ఎల్ ఫైళ్లు తెచ్చి సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడమంటే, రోడ్డు మీద దొరికిన తాళం చెవి తెచ్చి మన బీరువాకి పెట్టుకున్నట్టు. అది ఏ వెర్షనో తెలీదు, ఎవరు ఏం కలిపారో తెలీదు.

నీ గ్రాఫిక్స్ కార్డు కంపెనీ సైట్‌కి వెళ్లి, మోడల్ చూసుకుని డ్రైవర్ దించుకో, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్. ఎన్‌విడియా అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ అనే దారిలో ‘క్లీన్ ఇన్‌స్టాలేషన్’ అనే టిక్కు ఉంటుంది, అది పెట్టు. పోయింది తిరిగి వస్తుంది.

మూడుసార్లు ఎందుకుందంటే, అప్పట్లో డ్రైవర్ అప్‌డేట్ చేసినప్పుడల్లా కొత్త వెర్షన్ పక్కన చేరేది, పాతది పోయేది కాదు. ఇప్పటి డ్రైవర్లు అసలు లిస్టులో చూపించకుండానే వల్కన్ పెడుతున్నాయి. కాబట్టి మళ్లీ వేశాక లిస్టులో కనపడలేదని కంగారు పడకు, ఎమ్యులేటర్ తెరుచుకుంటే ఉన్నట్టే. నువ్వు మూడూ తీసేసినా విండోస్ మామూలుగా నడిచింది కదా, దానికి కారణం విండోస్ తన డెస్క్‌టాప్‌ని డైరెక్ట్‌ఎక్స్‌తో గీసుకుంటుంది, వల్కన్‌తో దానికి పనిలేదు. ఇంతకీ నీకు కలిసొచ్చిన స్పేస్ ఎంతో చూసుకున్నావా? ఫోన్‌లో తీసిన ఒక చిన్న వీడియో అంత కూడా ఉండదు.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాం. మా సిస్టమ్‌లో మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అని పన్నెండు ఉన్నాయి. 2005, 2008, 2010 అంటూ. పైగా ఒక్కో ఏడాదికి రెండేసి. కొత్తది ఒకటి ఉంచి పాతవన్నీ తీసేస్తే సరిపోతుందా?
— స్టూడియో యజమాని, విజయవాడ

జవాబు: సరిపోదండీ. ఇది నేను అనుభవించి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట నాకు 120 జీబీ డ్రైవ్ ఉండేది, ఎప్పుడు చూసినా ఎర్ర గీత. ఒక రాత్రి కూర్చుని ఈ విజువల్ సీ ప్లస్ ప్లస్‌లన్నీ చకచకా తీసేశాను. మా బాబాయి కూతురి పెళ్లి శుభలేఖ మర్నాడు పది గంటలకి ప్రెస్‌కి ఇవ్వాలి. పొద్దున లేచి డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ‘ఎమ్‌ఎస్‌వీసీపీ100.డీఎల్‌ఎల్ లేదు’ అని ఒక చిన్న పెట్టె. ఓకే కొడితే మూసుకుపోతుంది, మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. బాబాయి పక్కన నిలబడి ‘ఏమైందిరా’ అంటున్నాడు, నాకు చెమటలు. వీధి చివర షాపాయన వచ్చి చూసి, వాళ్లెప్పుడూ అనే మాటే అన్నాడు, ‘ఫార్మాట్ కొట్టాలి సార్’. అదృష్టం కొద్దీ కొట్టలేదు. ఆ 100 అనే అంకెని పట్టుకుని వెతికితే అది 2010 ప్యాకేజీకి చెందిందని తెలిసింది, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించి వేస్తే అయిదు నిమిషాల్లో శుభలేఖ తెరుచుకుంది.

ఆ అంకెల సంగతి రాసి పెట్టుకోండి, డిజైనింగ్ చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది. ఎర్రర్‌లో ఫైలు పేరు చివర 80 ఉంటే 2005 ప్యాకేజీ, 90 అయితే 2008, 100 అయితే 2010, 110 అయితే 2012, 120 అయితే 2013, 140 అయితే 2015 తర్వాతది. 130 లేదు, పదమూడుని వదిలేశారు, అశుభం అనుకున్నారో ఏమో.

2005 నుంచి 2013 దాకా ఒక్కోదానికి ఒక్కో దారి, ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. 2008 వెర్షన్‌తో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ 2008నే అడుగుతుంది. 2015 నుంచి మాత్రం మైక్రోసాఫ్ట్‌కి బుద్ధొచ్చి 2015, 2017, 2019, 2022 అన్నిటికీ ఒకటే ప్యాకేజీ చేసింది, కొత్తది వేస్తే పాతదాని స్థానంలో అదే కూర్చుంటుంది. రెండేసి ఎందుకంటే ఒకటి 32 బిట్ ప్రోగ్రాములకి, ఒకటి 64 బిట్ వాటికి. లిస్టులో ఎక్స్86 అని ఉన్నది 32 బిట్‌ది. మన విండోస్ 64 బిట్ అయినా పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు 32 బిట్‌వే, వాటికి వాటి సామాను వాటికే కావాలి.

నిజానికి ఇవి గ్రాఫిక్స్‌వి కావు, సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన ఏ ప్రోగ్రామ్‌కైనా కావాల్సినవి. కానీ గేమ్‌లూ డిజైనింగ్ సాఫ్ట్‌వేర్లూ ఎక్కువగా ఆ భాషలోనే రాస్తారు కాబట్టి గ్రాఫిక్స్ సామానుతో కలిసి కనిపిస్తాయి. పన్నెండూ ఉంచండి. నేను అన్నీ తీసేస్తే కలిసొచ్చిన స్పేస్ ఒక పాత సినిమా ఫైలంత కూడా లేదు.

ప్రశ్న: పాత గేమ్ ఒకటి వేశాను. ‘డీ3డీఎక్స్9_43.డీఎల్‌ఎల్ లేదు’ అంటోంది. నాది విండోస్ 11, డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంది. పన్నెండు ఉన్నవాడికి తొమ్మిది లేదనడం ఏమిటి? పదో తరగతి ఫెయిల్ అయి డిగ్రీ పాసైనట్టు ఉంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బాగా అడిగారు, ఆ డిగ్రీ పోలిక నాకూ నచ్చింది. మీ అనుమానంలో సగం నిజం. డైరెక్ట్‌ఎక్స్ 9 అసలు ఇంజన్ మీ విండోస్ 11లో ఇప్పటికీ ఉంది, మైక్రోసాఫ్ట్ దాన్ని తియ్యలేదు. గేమ్ అడుగుతున్నది దాన్ని కాదు.

ఆ ఫైలు పేరు మళ్లీ చూడండి, డీ3డీ తర్వాత ఒక ఎక్స్ ఎక్కువ ఉంది. ఆ ఎక్స్ అంటే తోడు సామాను. బొమ్మల ఫైలు తెరవడం, లెక్కలు చెయ్యడం లాంటి చిల్లర పనులు గేమ్ రాసేవాళ్లు మళ్లీ మళ్లీ రాసుకోనక్కర్లేకుండా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సహాయం అది. 2005లో 24 నంబరుతో మొదలై, రెండు మూడు నెలలకోసారి కొత్త నంబరు వచ్చి, 2010 జూన్‌లో 43 దగ్గర ఆగిపోయింది. ఇది విండోస్‌లో భాగం కాదు, ఎప్పుడూ కాలేదు. గేమ్ సీడీలోనే ఉండేది, గేమ్ వేసేటప్పుడు ‘డైరెక్ట్‌ఎక్స్ ఇన్‌స్టాల్ చేస్తున్నాం’ అని వచ్చేదే, గుర్తుందా? అదే. ఎవరో ఫోల్డర్ కాపీ చేసి ఇచ్చిన గేమ్‌లో ఆ అడుగు పోతుంది.

చెయ్యాల్సింది: మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లో ‘డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్స్, జూన్ 2010’ అని దొరుకుతుంది, దాదాపు 95 ఎంబీ. ఇక్కడ అందరూ ఒక చోట బోల్తా పడతారు. ఆ ఫైలు నొక్కగానే ‘ఏ ఫోల్డర్‌లో విప్పమంటారు’ అని అడుగుతుంది, మనం ఏదో ఒకటి ఇస్తాం, ఒక గీత పరిగెత్తి అయిపోతుంది, ఇన్‌స్టాల్ అయిపోయిందనుకుంటాం. కాలేదు! అది మూట విప్పింది, అంతే. ఆ ఫోల్డర్ లోపలికి వెళితే చిన్నచిన్న ఫైళ్లు వందకు పైగా ఉంటాయి, వాటి మధ్య ‘డీఎక్స్‌సెటప్’ అనేది ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కితే అప్పుడు అసలు ఇన్‌స్టాల్ మొదలవుతుంది. అయ్యాక విప్పిన ఫోల్డర్ తీసెయ్యొచ్చు. దీనివల్ల మీ డైరెక్ట్‌ఎక్స్ 12కి ఏమీ కాదు, పాతవి పక్కన చేరతాయి. గేమ్‌ప్యాడ్ కోసం ‘ఎక్స్‌ఇన్‌పుట్1_3’ లేదనే గేమ్‌లకీ ఇదే మందు.

చేత్తో ఫైలు పెట్టేద్దాం అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక కూడా. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. అవును, తిరగేసే రాశాను, కానీ తప్పు రాయలేదు. పాత ప్రోగ్రాములు సిస్టమ్32 అనే పేరునే నమ్ముకుని ఉన్నాయని ఆ పేరు మార్చలేక అలా వదిలేశారు. ‘ఫైలు పెట్టినా పనిచెయ్యడం లేదు’ అనేవాళ్లు చాలామంది తప్పు గదిలో పెట్టినవాళ్లే.

ప్రశ్న: నాది మూడో తరం ఐ5 ల్యాప్‌టాప్, విండోస్ 10. డీఎక్స్‌డయాగ్ (డైరెక్ట్‌ఎక్స్ వివరాలు చూపించే విండోస్ పనిముట్టు) కొడితే డైరెక్ట్‌ఎక్స్ 12 అని స్పష్టంగా చూపిస్తోంది. కానీ కొత్త గేమ్ ‘డైరెక్ట్‌ఎక్స్ 12 లేదు’ అంటోంది. ఎవరిది అబద్ధం?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీరు చూసింది మొదటి పేజీ. అక్కడ చూపించేది విండోస్‌తో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్, దానికీ మీ చిప్‌కీ సంబంధం లేదు. అదే పెట్టెలో పైన ‘డిస్‌ప్లే’ అనే ట్యాబ్ నొక్కండి, కుడివైపు ‘ఫీచర్ లెవెల్స్’ అని ఒక వరస ఉంటుంది. మీ చిప్‌కి అక్కడ 11_0 దగ్గర మొదలై కిందకి పోతుంది చూడండి. గేమ్‌లు అడిగేది ఆ నంబరుని. విండోస్‌కి పన్నెండు వచ్చు, మీ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ హెచ్‌డీ 4000కి రాదు. వల్కన్ సంగతీ అంతే, విండోస్‌లో ఇంటెల్ ఆరో తరం నుంచే అధికారికంగా ఇచ్చింది. ఏ ఫైలు డౌన్‌లోడ్ చేసినా ఇది మారదు, ‘డైరెక్ట్‌ఎక్స్ 12 డౌన్‌లోడ్’ అని వచ్చే సైట్లన్నీ దండగ.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు షాపులో నిలబడే ఈ పరీక్ష చేసుకోవచ్చు. విండోస్ బటనూ ఆర్ కలిపి నొక్కి, డీ, ఎక్స్, డీ, ఐ, ఏ, జీ అని కలిపి టైప్ చేసి ఎంటర్ కొట్టి, డిస్‌ప్లే ట్యాబ్ చూడడమే. అర నిమిషం పని. ‘డీఎక్స్ 12 సపోర్ట్ ఉంది సార్’ అని మొదటి పేజీ చూపించేవాళ్లకి రెండో పేజీ మీరు చూపించండి.

ప్రశ్న: డిస్క్ క్లీనప్‌లో ‘డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్’ అని 2 జీబీ ఉంది. తియ్యొచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తియ్యొచ్చు, నిక్షేపంగా. అవి బొమ్మలు త్వరగా గీయడానికి ముందే తయారుచేసి దాచుకున్న ఫైళ్లు. మళ్లీ గేమ్ తెరిచినప్పుడు మొదట్లో కాసేపు తడబడుతుంది, అది తిరిగి తయారవుతుంది కాబట్టి. ఈ సంచికలో గ్రాఫిక్స్ సామానులో నేను ‘తీసెయ్యండి’ అన్నది దీన్నొక్కదాన్నే.

ప్రశ్న: యానిమేషన్ కోర్సు చేస్తున్నాను. విండోస్ మళ్లీ వేయించాక బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు, ఓపెన్‌జీఎల్ చాలదంటోంది. నిన్నటిదాకా అదే కంప్యూటర్‌లో బాగా పనిచేసింది. అక్షరాలన్నీ కూడా పెద్దపెద్దగా కనిపిస్తున్నాయి. కార్డు కాలిపోయిందా?
— విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: కాలిపోయి ఉండదమ్మా, టెన్షన్ పడకు. అక్షరాలు పెద్దగా అవడమే ఆనవాలు. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరువు, ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద ఏముందో చూడు. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే, విండోస్ వేసినాయన గ్రాఫిక్స్ డ్రైవర్ వెయ్యకుండా వెళ్లిపోయాడని అర్థం.

ఓపెన్‌జీఎల్ కథ కొంచెం తమాషాగా ఉంటుంది. 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంపెనీ మొదలుపెట్టింది, 2006లో క్రోనోస్ చేతికి వచ్చింది, చివరి వెర్షన్ 4.6 వచ్చింది 2017లో. కానీ మైక్రోసాఫ్ట్‌కి తన డైరెక్ట్‌ఎక్స్ ఉంది కదా, పరాయి పిల్ల మీద శ్రద్ధ ఎందుకుంటుంది? అందుకే విండోస్‌తో వచ్చే ఓపెన్‌జీఎల్ ఈరోజుకీ 1.1 దగ్గరే ఉంది, అది 1997 నాటిది. అసలైన ఓపెన్‌జీఎల్ అంతా కార్డు కంపెనీ డ్రైవర్‌తోనే రావాలి. బ్లెండర్ 4.0 నుంచి కనీసం 4.3 కావాలంటుంది. నీ కంప్యూటర్‌లో డ్రైవర్ లేకపోయేసరికి దానికి దొరికింది ముప్ఫై ఏళ్ల నాటి 1.1, తెరుచుకోనంది. ఓపెన్‌జీఎల్ విడిగా డౌన్‌లోడ్ చేసుకునే వస్తువు కాదు, ఆ పేరుతో వెతక్కు.

ల్యాప్‌టాప్ అయితే ఆ కంపెనీ సైట్‌లో నీ మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ దించు, డెస్క్‌టాప్ అయితే కార్డు కంపెనీ సైట్‌లో. వేసి ఒకసారి రీస్టార్ట్ చెయ్యి, అక్షరాలు మామూలు సైజుకి వచ్చాయంటే బ్లెండర్ కూడా తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉంటే ఇంకొక్క పని ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అని వెళ్లి, లిస్టులో బ్లెండర్‌ని చేర్చి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకో, లేకపోతే ఒక్కోసారి పెద్ద కార్డుని పక్కన పెట్టి చిన్నదానితోనే కుస్తీ పడుతుంది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. కాకినాడలో నాన్నగారి కంప్యూటర్ తెర మీద ‘మీ డైరెక్ట్‌ఎక్స్, రన్‌టైమ్ లైబ్రరీలు పాతబడిపోయాయి, కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అని ఒక నంబరుతో సహా వచ్చిందట. ఆయన ఫోన్ చేస్తే ఎవరో కంప్యూటర్ చేతిలోకి తీసుకుని అరగంట ఏదో చేసి 4,999 రూపాయలు కట్టించుకున్నారు. ఇప్పుడు రోజూ ‘డ్రైవర్లు పాతవి’ అని వస్తూనే ఉంది. డబ్బు పోతే పోయింది, అసలు రన్‌టైమ్‌లు అప్‌డేట్ చెయ్యాలా?
— ఒక ప్రవాస పాఠకుడు

జవాబు: చెయ్యక్కర్లేదండీ. డైరెక్ట్‌ఎక్స్ విండోస్ అప్‌డేట్‌తో దానంతట అదే వస్తుంది, వల్కన్, ఓపెన్‌జీఎల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌తో వస్తాయి, విజువల్ సీ ప్లస్ ప్లస్‌ని ఏ ప్రోగ్రామ్‌కి కావాలంటే అదే పెట్టుకుంటుంది. పేపర్ చదువుకుని, మీతో వీడియో కాల్ మాట్లాడుకునే నాన్నగారికి వీటిలో దేని గురించీ ఆలోచించే పనిలేదు. పాత లైబ్రరీ పాతది అయినంత మాత్రాన ప్రమాదం కాదు, పైన చెప్పిన 2010 నాటి ఫైలు ఇవాళ్టికీ అలాగే వాడుతున్నారు. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు, నంబరు కనిపించిందంటే అది దొంగదే.

కానీ ‘డబ్బు పోతే పోయింది’ అని వదిలెయ్యకండి. అసలు భయం ఆ అరగంట గురించి. ముందు నెట్ తీసేయించండి. ప్రోగ్రాముల లిస్టుని తేదీ వరసలో పెట్టించి, ఆ రోజున చేరినవన్నీ చదివి వినిపించమనండి. ఎక్కడి నుంచైనా కంప్యూటర్ నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్ ఒకటి, డ్రైవర్ అప్‌డేటర్ ఒకటి బహుశా కనిపిస్తాయి, రెండూ తీయించండి. రోజూ వస్తున్న బెదిరింపు ఆ రెండోదాని పనే. తర్వాత పూర్తి స్కాన్. బ్యాంకు పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో మార్పించండి. కార్డుతో కట్టి ఉంటే కార్డు బ్లాక్ చేయించండి.

ఇవన్నీ చేసేలోపే నాన్నగారిని 1930కి ఫోన్ చేయమనండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. ఆయన మొహమాటపడుతున్నారేమో, చాలామంది పెద్దవాళ్లు పరువు పోతుందని చెప్పరు. మీరు కసురుకోకుండా అడగండి, కట్టింది ఆ ఒక్కసారేనా, మళ్లీ ఏమైనా ఫోన్లు వచ్చాయా అని.